కొత్త వాచీకి పాత వేషమా?

ప్రశ్న: చాలా ఏళ్ళుగా అనుకుంటూ అనుకుంటూ, మొన్నామధ్య పాతకాలపు తరహాలో చేసిన ఒక ఖరీదైన క్రోనోగ్రాఫ్ వాచీ, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది, కొనుక్కున్నాను. కీ ఇచ్చుకునే రకం. సైజు 39 మిల్లీమీటర్లు. మీగడ రంగు డయల్, అందులో రెండు చిన్న డయల్స్, ఉబ్బెత్తు అద్దం, అంకెల మీద తేనె రంగు పూత. డయల్ అంచున టాకీమీటర్, టెలిమీటర్ అని రెండు కొలతలున్నాయి. వాటితో ఏం చెయ్యాలో తెలీదు. మా బావగారు చూసి, "ఇంత పోసి కొత్త వాచీకి పాత వేషం కొన్నావా? ఆ డబ్బుతో నిజంగా పాతదే వచ్చేదిగా!" అన్నారు. అప్పట్నుంచీ ఆ మాట మనసులో గుచ్చుకుంటూనే ఉంది. బటన్లు ఎక్కువ నొక్కితే అరిగిపోతాయేమోనని ఒకటి రెండు సార్లు నొక్కి పెట్టెలో పెట్టేశాను. దీన్ని ఎలా చూడాలి, ఎలా వాడాలి? ముందుముందు రేటు పెరుగుతుందంటారా?

జవాబు: ముందు ఆ వాచీని పెట్టెలోంచి తియ్యండి. ఈ జవాబు కూడా దాన్ని చేతిలో పట్టుకునే చదవండి. నేను చెప్పబోయేదాంట్లో సగం మీ వేళ్ళకి తెలియాల్సిన సంగతి.

మీ బావగారి మాటలో నిజం లేకపోలేదు. పాతకాలపు తరహా అని చెప్పి అమ్ముతున్న వాచీల్లో పైన పటారం లోన లొటారం బాపతు బోలెడున్నాయి. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యడం కుదరదు. తేడా పట్టుకోవడానికి నేను చూసేది ఒక్కటే. వాచీ మీద కనిపించే ప్రతి పాత వివరమూ అప్పట్లో ఏ పని కోసం వచ్చింది, ఇప్పుడూ ఆ పని చేస్తోందా? చేస్తుంటే దాన్ని వేషమనడానికి లేదు. చెయ్యకపోతే వేషమే. అయితే వేషం కూడా బాగా కడితే చూడముచ్చటగానే ఉంటుంది, అది వేషమని మనకు తెలిసి ఉంటే చాలు.

బటన్లతో మొదలుపెడదాం. కీ నిండా ఇచ్చి, పై బటన్ మీద వేలు పెట్టి మెల్లగా నొక్కండి. మొదట కాస్త ఎదురు తిరుగుతుంది. ఇంకొంచెం ఒత్తితే ఒకచోట ఉన్నట్టుండి లొంగిపోయి టక్‌మంటుంది. అదే క్షణంలో డయల్ మధ్యనున్న పొడుగాటి ముల్లు బయలుదేరుతుంది. మంచి క్రోనోగ్రాఫ్‌కీ మామూలుదానికీ తేడా ముందు వేలికే తెలుస్తుంది. ఎక్కడ లొంగుతుందో వేలు ముందే పసిగట్టగలగాలి. మెత్తగా, ఎక్కడ పడిందో తెలియకుండా పడే బటన్ డయల్ ఎంత అందంగా ఉన్నా నాకు రుచించదు.

ఆ టక్‌మనడం వెనక జరిగేది చూడదగ్గది. వెనక వైపు అద్దం ఉంటే వాచీని తిరగేసి, భూతద్దం పెట్టి చూస్తూ నొక్కండి. మంచి పాత మెషీన్లలో కాలమ్ వీల్ అని ఒకటుంటుంది. చిన్న చిన్న స్తంభాలు వరసగా నిలబెట్టిన ఉక్కు చక్రం అది. మీరు పై బటన్ నొక్కినప్పుడల్లా ఒక్క పన్ను మేర తిరుగుతుంది. చుట్టూ ఉన్న మీటల ముక్కులు కొన్ని స్తంభాల మీద ఆని ఉంటాయి, కొన్ని స్తంభాల నడుమ సందుల్లోకి పడతాయి. ఎప్పుడు ఏది పైకి లేవాలో, ఏది కిందికి పడాలో ఆ ఒక్క చక్రమే చెబుతుంది. స్టార్ట్ నొక్కగానే ఒక మీట సందులోకి పడుతుంది. దాని మీదున్న చిన్న చక్రం పక్కకు జరిగి, నడుస్తున్న సెకన్ల చక్రాన్ని మధ్యనున్న క్రోనోగ్రాఫ్ చక్రంతో కలుపుతుంది. పన్నూ పన్నూ కలిసిన చోట పొడుగాటి ముల్లుకి ప్రాణం వస్తుంది.

బయలుదేరేటప్పుడు ముల్లు ఒక్కోసారి గోరంత తుళ్ళుతుంది. చాలామంది దాన్ని లోపమనుకుని వాచీని షాపుకి తిరిగి పట్టుకెళతారు. పన్ను సరిగ్గా సందులోకి వెళ్ళకుండా ఎదుటి పన్నుకి తగిలితే అలా జరుగుతుంది, ఆ పద్ధతి మెషీన్లకి అది పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని పోగొట్టే ఉపాయం నిలువు క్లచ్, అంటే చక్రాలు పక్క నుంచి పళ్ళు కలపకుండా ఒకదాని మీదొకటి అతుక్కుని కలిసే ఏర్పాటు. 1969లో వచ్చిన సీకో 6139లో ఉన్నది అదే. అందులో ముల్లు తుళ్ళకుండా సాఫీగా బయలుదేరుతుంది, కానీ వెనక అద్దంలోంచి చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నన్నడిగితే, ముల్లు తుళ్ళినా సరే, పని జరగడం కంటికి కనబడేదే ఇష్టం.

ఇప్పుడు మళ్ళీ పై బటన్ నొక్కి ఆపండి. తర్వాత కింది బటన్. ముల్లు ఎక్కడున్నా కన్ను మూసి తెరిచేలోగా 12 దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఈ ఒక్కటీ ఎలా జరుగుతుందో తెలిశాక రోజుకోసారైనా నొక్కకుండా ఉండలేరు. ముల్లు కింద, దాని ఇరుసుకే, గుండె ఆకారంలో ఒక చిన్న ఉక్కు బిళ్ళ బిగించి ఉంటుంది. కింది బటన్ నొక్కితే ఒక సుత్తి వచ్చి ఆ బిళ్ళ అంచు మీద పడుతుంది. గిన్నె అంచు మీద వదిలిన గోలీ ఎటునుంచి వదిలినా అడుగుకే చేరినట్టు, సుత్తి ఒత్తిడికి ఆ బిళ్ళ తన లోపలి పల్లం సుత్తి కిందికి వచ్చేదాకా తిరుగుతుంది. ముల్లు సగం ఇవతల ఉంటే వెనక్కీ, అవతల ఉంటే ముందుకీ. అడాల్ఫ్ నికోల్ దీనికి పేటెంటు తీసుకున్నది 1844లో. చేతి వాచీ అనేది ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో పుట్టిన ఆ బిళ్ళే మీ కొత్త వాచీలోనూ ఉంది. ఇది వేషమెలా అవుతుంది?

మీ దాంట్లో కాలమ్ వీల్ లేకుండా కామ్ ఉండొచ్చు. అంటే స్తంభాల చక్రానికి బదులు, వంపులు తిరిగిన ఒక పలక ముందుకీ వెనక్కీ కదిలి మీటలకు దారి చూపుతుంది. తయారీ తేలిక, ఖర్చు తక్కువ. కామ్ అనగానే పెదవి విరిచేవాళ్ళను పట్టించుకోకండి. ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో 1968 నుంచి ఉన్న 861 మెషీన్‌దీ కామ్ పద్ధతే. 1970లలో ఎడ్మండ్ కాప్ట్ రూపొందించిన వాల్జూ 7750 కూడా అంతే. లెక్కలేనన్ని వాచీలు ఈ రోజుకీ దాని మీదే నడుస్తున్నాయి. కాకపోతే కాలమ్ వీల్ ధర తీసుకుని కామ్ పెట్టారేమో కనుక్కోవడం మీ హక్కు.

రెండు బటన్లున్నాయంటేనే మీ వాచీ ఏ కాలాన్ని తలుచుకుంటోందో తెలిసిపోతుంది. మొదటి చేతి క్రోనోగ్రాఫ్‌లకు ఒక్కటే బటన్. అది కూడా చాలావాటికి కీ ఇచ్చే బొడిపెలోనే ఉండేది. 1915లో బ్రైట్‌లింగ్ ఆ బటన్‌ను విడదీసి 2 అంకె పక్కన పెట్టింది. 1934లో రెండో బటన్ తోడైంది. ఒక్క బటన్‌తో ఉన్న ఇబ్బంది ఏమిటంటే స్టార్ట్, స్టాప్, జీరో అన్నీ వరసగా జరిగిపోవాల్సిందే, మధ్యలో ఆపి మళ్ళీ అక్కణ్ణుంచే కొనసాగించే వీలు లేదు. రెండో బటన్ వచ్చాక ఆ వీలు కలిగింది. ఆట మధ్యలో ఆగితే గడియారమూ ఆగుతుంది, ఆట మొదలైతే అదీ ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. చూడ్డానికి చిన్న బుడిపే, కానీ క్రోనోగ్రాఫ్‌ని నిజంగా పనికొచ్చే వస్తువు చేసింది అదే.

దానికి చాలా ముందు, 1821లో, పారిస్‌లోని షాం ద మార్స్ మైదానంలో గుర్రప్పందేలకు నికొలా రియూసెక్ ఒక యంత్రం తెచ్చాడు. గుర్రం గీత దాటినప్పుడల్లా అది తిరుగుతున్న డయల్ మీద సిరా చుక్క పెట్టేది. చాలాకాలం అదే మొదటి క్రోనోగ్రాఫ్ అనుకున్నారు. తీరా చూస్తే నక్షత్రాల గమనం లెక్కకట్టడానికి 1816 నాటికే లూయీ మొయినే మరొకటి చేసి ఉన్నాడని ఈమధ్యే, 2013లో, బయటపడింది. దాని బ్యాలెన్స్ చక్రం (వాచీలో అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని ముక్కలు చేసేది) గంటకు 2,16,000 ఊగులు ఊగేది, అంటే సెకనులో అరవయ్యో వంతు కొలిచేది. రెండొందల ఏళ్ళ కిందట! నేటి మంచి చేతి క్రోనోగ్రాఫ్‌లు చాలావరకు ఎనిమిదో వంతు దగ్గరే ఉన్నాయి.

ఇక మీరడిగిన రెండు కొలతలు. టెలిమీటర్ దూరం చెబుతుంది. వెలుగూ చప్పుడూ ఒకేసారి పుట్టి, వెలుగు ముందు, చప్పుడు వెనక మనల్ని చేరేవాటికి పనికొస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి కిలోమీటరుకి సుమారు మూడు సెకన్లు. యుద్ధంలో శత్రువు ఫిరంగి ఎంత దూరంలో ఉందో తేల్చడానికి వాడేవారు. నిప్పు మెరవగానే నొక్కు, చప్పుడు వినగానే ఆపు, ముల్లు చూపిన అంకే దూరం. మనకి ఫిరంగులు లేకపోయినా మెరుపులున్నాయి. ఈసారి ఉరుములతో వాన పడుతున్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, మెరవగానే స్టార్ట్, ఉరమగానే స్టాప్. తొమ్మిది సెకన్లు పడితే ముల్లు 3 దగ్గర ఉంటుంది, అంటే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల పడింది. రెండు మూడు సార్లు చూస్తే గాలివాన మీ వైపు వస్తోందో, దాటిపోతోందో కూడా తెలిసిపోతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై సెకన్ల కన్నా తక్కువుంటే మాత్రం ఆరుబయట ఉండకండి. అది పది కిలోమీటర్లలోపు అన్నమాట.

టాకీమీటర్ వేగం చెబుతుంది. దాని లెక్కంతా 3600ని పట్టిన సెకన్లతో భాగించడమే. ఒక కిలోమీటరు రాయి దగ్గర నొక్కి తర్వాతి రాయి దగ్గర ఆపండి. (బండి నడుపుతున్నది మీరైతే వద్దు, పక్క సీట్లో ఉన్నప్పుడు.) 45 సెకన్లయితే ముల్లు 80 మీద ఉంటుంది, 30 అయితే 120 మీద. మామూలుగా ఒక్క చుట్టుతో అయిపోయే స్కేలు కాబట్టి గంటకు 60 కన్నా నెమ్మదైనవాటికి పనికిరాదు. కొన్ని పాత డయల్స్ మీద అది చుట్టలు చుట్టుకుంటూ మధ్యలోకి పోవడం చూస్తారు. మూడు నిమిషాల దాకా కొలిచి గంటకు 20 వరకు చూపించడం కోసం ఆ చుట్టలు. ఇంకో ఉపయోగం చాలామందికి తెలీదు. టాకీమీటర్‌కి కిలోమీటర్లే అక్కర్లేదు. ఒక కాగితం ప్రింటవడానికి 20 సెకన్లు పడితే ముల్లు 180 చూపిస్తుంది, గంటకు 180 కాగితాలు. ఫ్యాక్టరీల్లో ఈ పనికే వాడేవారు.

ఇవన్నీ ఫోన్‌లో అయిపోతాయి కదా అంటే అయిపోతాయి. వాచీ వాడే పద్ధతి వేరు. కళ్ళు మెరుపు మీద పెట్టి, వేలితో మాత్రమే పని జరిపించొచ్చు. బటన్ ఎక్కడుందో వెతకనక్కర్లేదు, తెరకు తాళం తియ్యనక్కర్లేదు. స్పీడ్‌మాస్టర్ వ్యోమగాముల చేతికి చంద్రుడి దాకా వెళ్ళిన కథ ప్రతి వాచీ వ్యాసంలోనూ వస్తుంది కాబట్టి ఒక్క ముక్కతో సరిపెడతాను. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 అంతరిక్ష నౌక దారి సవరించుకోవడానికి ఇంజిన్‌ని 14 సెకన్లు మండించాల్సి వచ్చినప్పుడు, అందులోని వ్యోమగామి జాక్ స్విగర్ట్ లెక్క చూసింది చేతికున్న స్పీడ్‌మాస్టర్‌తోనే.

మీ 30 నిమిషాల చిన్న డయల్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. 3, 6, 9 నిమిషాల గీతలు మిగతావాటికన్నా పొడుగ్గా ఉన్నాయా? ఉంటే అవి ట్రంక్ కాల్స్ రోజులవి. అప్పట్లో దూరపు ఫోన్ మాటలకి మూడు నిమిషాలకింత అని లెక్క. ఇప్పుడు ఆ గీతలకి పని లేదు. అయినా వాటిని తీసెయ్యమని నేననను.

డయల్‌లో నిజాయితీ ఎంతో తేల్చే పరీక్ష ఇంకొకటుంది, ఎక్కువమంది పట్టించుకోనిది. సెకన్ల గీతల మధ్య సన్నటి గీతలుంటాయి చూశారా, వాటిని లెక్కపెట్టండి. సెకనుని ఎన్ని ముక్కలు చేశారు? ఇప్పుడు మీ మెషీన్ గంటకు ఎన్ని ఊగులు ఊగుతుందో కాగితాల్లో చూడండి. 18,000 అయితే సెకనుకి ఐదు, 21,600 అయితే ఆరు, 28,800 అయితే ఎనిమిది, 36,000 అయితే పది. ముల్లు జారుకుంటూ పోతున్నట్టు కనిపించినా నిజానికి ఆ లెక్కన చిన్న చిన్న గంతులే వేస్తుంది. పాత మెషీన్లు ఎక్కువగా 18,000వి, అందుకే పాత డయల్స్ మీద సెకనుకి ఐదు భాగాలు. ముల్లు ఎక్కడ ఆగినా ఏదో ఒక గీత మీదే ఆగేది. ఇప్పుడు 28,800 మెషీన్ పెట్టి, పాత డయల్‌ని మక్కీకి మక్కీ దించి ఐదు భాగాలే గీస్తే ముల్లు చాలాసార్లు గీతల మధ్యే నిలబడుతుంది. ఇదిగో, ఇలాంటిదాన్ని నేను వేషమంటాను. స్పీడ్‌మాస్టర్ అంతటిది కూడా 1968లో 21,600కి మారాక చాలా దశాబ్దాలు ఐదు భాగాల డయల్‌తోనే నడిచింది. 2021లో కొత్త మెషీన్‌తో వచ్చినప్పుడే సెకనుకి మూడు భాగాలుగా సవరించుకుంది. అంత పేరున్న కంపెనీ అన్నాళ్ళు తీసుకుందంటే మీ వాచీలో ఆ తేడా కనబడినా గొడవ పడకండి. కనబడకపోతే, అంటే గీతలు ఊగులకు సరిపోతే, డయల్ గీసినవాడు మెషీన్ గురించి కూడా ఆలోచించాడని అర్థం. అలాంటివాడి చేతి వాచీ దొరకడం అదృష్టం.

తేనె రంగు పూత దగ్గర మాత్రం మీ బావగారితో ఏకీభవించక తప్పదు. పాత రోజుల్లో చీకట్లో వెలగడానికి అంకెల మీద రేడియం, తర్వాత ట్రిటియం కలిసిన పూత వేసేవారు. కొత్తలో అది దాదాపు తెల్లగానో లేత పచ్చగానో ఉండేది. దశాబ్దాలు గడిచాక ఒక్కొక్క వాచీ బతికిన బతుకుని బట్టి, ఎండని బట్టి, తేమని బట్టి మీగడ రంగుకో బెల్లం రంగుకో తిరిగింది. ఇప్పుడు వాడే సూపర్ లూమినోవా అనే పూతకి ఆ రోగం లేదు, అందుకని ముందే రంగు కలిపి పూస్తున్నారు. పుట్టినరోజునే జుట్టుకి నెరుపు వేసినట్టే. అన్నిటికీ ఒకే రంగు, అంచు దాటని ఒకే మందం. కొత్తగా ఉన్నప్పుడు ఆ పాత వాచీ ఎలా ఉండేదో అలా, తెల్ల పూతతో చేసి ఉంటే నేను ఎక్కువ సంతోషించేవాణ్ణి. అయితే మీగడ డయల్ మీద బొత్తిగా తెల్లటి పూత కంటికి గుచ్చుకుంటుందని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనలోనూ పస ఉంది. చీకట్లో బాగానే వెలుగుతుంది, కాబట్టి దాని అసలు పని అది చేస్తూనే ఉంది.

ఉబ్బెత్తు అద్దం సంగతి వేరు. పాతవాటికి ఆ రూపం వచ్చింది అవి అక్రిలిక్ కావడం వల్ల. ముళ్ళకి చోటివ్వాలి, దెబ్బ తట్టుకోవాలి, అందుకే గుమ్మటంలా పైకి లేపేవారు. గీతలు ఇట్టే పడేవి, మెత్తటి పాలిష్‌తో ఇట్టే పోయేవి. మీది సఫైర్ అయి ఉంటే గీతలు దాదాపు పడవు, కానీ రాతి మీద గట్టిగా పడితే పగలొచ్చు. అంత గట్టి పదార్థాన్ని ఆ ఆకారానికి తేవడం చౌక పని కాదు, మీరిచ్చిన డబ్బులో కొంత అక్కడ కూడా పోయింది. వాచీని పక్కకు వాల్చి చూడండి. అంచు దగ్గర డయల్ మీది గీతలు వంగి, సాగి, ఒకదాని మీదకొకటి ఎక్కుతాయి. 1963లో హ్యూయర్ వాచీ కంపెనీ జాక్ హ్యూయర్ తన కరెరా క్రోనోగ్రాఫ్‌ని తీర్చినప్పుడు అద్దాన్ని లోపల్నుంచి పట్టి ఉంచే రింగు మీదకే సెకన్ల గీతల్ని ఎక్కించి, డయల్‌ని ఖాళీగా, తేటగా ఉంచాడు. పాతవాళ్ళు చోటుని ఎంత పొదుపుగా వాడారో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

39 మిల్లీమీటర్లు సరైన సైజే. 1940ల క్రోనోగ్రాఫ్‌లు చాలావరకు ఇంకా చిన్నవే. మీది కీ ఇచ్చేది కాబట్టి లోపల ఊగే బరువు ఉండదు, ఆ మేరకు పల్చన. చొక్కా మణికట్టు గుండీ కింద పడుతుందో లేదో చూసుకోండి, పడితే ఇంకేం కావాలి.

"ఆ డబ్బుతో పాతదే వచ్చేదిగా" అన్న మాట. వచ్చేదే. కానీ ఏం వచ్చేదో కూడా చెప్పాలి. డయల్ మళ్ళీ పెయింట్ చేసినదా కాదా, ముళ్ళు ఆ వాచీవేనా, బటన్లు తర్వాత మార్చారా, నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒకటి చేశారా అన్నది తేల్చడానికి ఏళ్ళ అనుభవం కావాలి. తేమని ఆపే రబ్బరు రింగులు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి, కాబట్టి చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పెట్టాల్సిందే. ఏదైనా చక్రం పన్ను విరిగితే దాని జోడీ దొరకడానికి నెలలు పట్టొచ్చు. రేడియం పూత ఉన్నదైతే ఇంకో జాగ్రత్త. దాని వెలుగు ఎన్నడో ఆరిపోయినా రేడియం ఆరదు, సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు. చేతికి పెట్టుకుంటే పెద్ద భయం లేదు గానీ తెలిసీ తెలియకుండా విప్పి ఆ పొడి పీల్చకూడదు. ఇవన్నీ భరించి పాతదాన్ని సాకేవాళ్ళకి నా నమస్కారం, ఆ ఆనందం వేరు. రోజూ పెట్టుకుని పనులు చేసుకునే మనిషికి మాత్రం కొత్తదే సుఖం. మీరు ఒకదానికి నకలు కొనలేదు, వేరే అవసరానికి వేరే వస్తువు కొన్నారు. బావగారు మళ్ళీ వచ్చినప్పుడు వాదించకండి, వాచీ ఆయన చేతికిచ్చి పై బటన్ నొక్కమనండి.

పాతదాన్ని మళ్ళీ చెయ్యడమంటే రంగులు దించడమే అనుకునేవాళ్ళకు చెప్పాల్సిన కథ ఒకటుంది. 1969 జనవరి 10న జెనిత్ తన ఎల్ ప్రిమెరో ఆటోమేటిక్ (చేతి కదలికతో తనంతట తానే కీ ఇచ్చుకునే) క్రోనోగ్రాఫ్‌ని ప్రకటించింది, మార్చి 3న హ్యూయర్, బ్రైట్‌లింగ్ కూటమి తమది చూపింది, సీకోదీ ఆ ఏడే. క్రోనోగ్రాఫ్‌కి అంతకన్నా మంచి సంవత్సరం లేదు. అదే ఏడాది డిసెంబర్ 25న బ్యాటరీతో నడిచే సీకో క్వార్ట్జ్ ఆస్ట్రాన్ వాచీ అమ్మకానికి వచ్చింది, దాంతో చక్రాల వాచీలకి గడ్డురోజులు మొదలు. 1975లో జెనిత్ యజమానులు ఇక చక్రాల మెషీన్లు ఆపెయ్యమన్నారు. పనిముట్లు తుక్కుకి పోవాల్సిందే. షార్ల్ వెర్మో అనే పనివాడు మాత్రం అచ్చుల్ని, పనిముట్లని రహస్యంగా అటక మీద దాచి, ఏది దేనికో కాగితాల మీద రాసి పెట్టాడు. 1980లలో ఎల్ ప్రిమెరో మళ్ళీ తయారైందంటే ఆ అటక చలవే. 1988లో రోలెక్స్ తన డేటోనా క్రోనోగ్రాఫ్‌కి దాన్నే తీసుకుంది. ఒమేగా అయితే 1968లో ఆపేసిన 321 మెషీన్‌ని 2019లో మళ్ళీ ప్రకటించింది. అపోలో 17లో వెళ్ళిన యూజీన్ సెర్నన్ వాచీని విప్పకుండా లోపలికి స్కాన్ చేసి కొలతలు తీసుకున్నారు. అలాంటివాటిలో పోయిన పనితనాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఉంది. మీ వాచీ కంపెనీకి అలాంటి చరిత్ర ఉందా, లేక డయల్ మీద ఏదో ఒక పాత సంవత్సరం అచ్చేసి సరిపెట్టుకుందా అన్నది వెతికి చూసుకోండి. వెతకడం కూడా సరదాగానే ఉంటుంది.

రేటు మాట. పెరుగుతుందని ఆశపెట్టుకోకండి. ఎక్కువ వాచీలు షాపు గడప దాటగానే విలువ కోల్పోతాయి. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ చేతికున్న డేటోనా 2017లో కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లు దాటి పలికిందంటే, ఆ డబ్బు వాచీకన్నా ఆ చేతికి. పెట్టె, కాగితాలు, బిల్లు జాగ్రత్త చేసుకోండి, అంతకుమించి ఆ ఆలోచన వద్దు.

చివరిగా వాడకం. బటన్లు నొక్కితే అరిగిపోవు, నొక్కడానికే చేశారు. నొక్కకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తేనే నూనె చిక్కబడి మీటలు బరువెక్కుతాయి. ముల్లు నడుస్తుండగా కింది బటన్ జోలికి పోకండి. మామూలుగా అయితే అది నొక్కనివ్వదు, బలవంతం చేస్తే నష్టం మీకే. ఫ్లైబ్యాక్ అని రాసి ఉన్నవాటికి ఈ నియమం లేదు, నడుస్తుండగానే కింది బటన్ నొక్కితే ముల్లు సున్నాకి వెళ్ళి వెంటనే మళ్ళీ బయలుదేరే ఏర్పాటు అది, పైలట్లకి పనికొచ్చేది. ఇంకొకటి, చూడ్డానికి బాగుందని క్రోనోగ్రాఫ్ ముల్లుని రోజంతా నడిపించకండి. పక్క నుంచి పళ్ళు కలిపే పద్ధతిలో ఆ అదనపు భారం బ్యాలెన్స్ చక్రం మీద పడుతుంది, ఊపు తగ్గుతుంది, టైము తేడా వస్తుంది, కీ కూడా తొందరగా అయిపోతుంది. నీళ్ళలో బటన్ నొక్కడం బొత్తిగా పనికిరాదు. వెనక 30 మీటర్లనో 50 మీటర్లనో రాసి ఉన్నా అది కదలని నీటి ఒత్తిడి పరీక్ష లెక్క, ఈతకి అనుమతి కాదు.

కీ రోజూ ఒకే వేళకి, చేతి నుంచి తీసి ఇవ్వండి. గట్టిగా అడ్డుకునే దాకా ఇవ్వొచ్చు, అక్కడ ఆపాలి. క్రోనోమీటర్ సర్టిఫికెట్ (టైము సరిగ్గా చూపుతుందని పరీక్షించి ఇచ్చేది) ఉన్న మెషీన్ పరీక్షలో రోజుకి సగటున 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు దాకా ఉండొచ్చు, కాబట్టి సెకన్ల తేడాకి బెంగ అక్కర్లేదు. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే చాలావరకు అయస్కాంతం అంటుకుని ఉంటుంది. ఫోన్ కవర్ మూత, బ్యాగు బిళ్ళ, స్పీకర్ వీటిలో ఏదో ఒకటి. వాచీ మెకానిక్ దాన్ని నిమిషంలో దించేస్తాడు.

ఐదారేళ్ళకోసారి, లేదా కీ త్వరగా అయిపోవడం, సున్నా దగ్గర ముల్లు ఓరగా నిలవడం లాంటివి కనబడినప్పుడు సర్వీసింగ్ చేయించండి. క్రోనోగ్రాఫ్‌కి మామూలు వాచీ కన్నా ఎక్కువ తీసుకుంటారు, పని కూడా అంతే ఎక్కువ, ఖర్చు ముందే అడిగి పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు రసీదు మీద కేసు పాలిష్ చెయ్యొద్దని రాయించండి. అడక్కుండానే మెరుగు పెట్టి ఇస్తుంటారు, ప్రతి మెరుగుకీ పట్టీ కొమ్ముల పదునైన అంచులు గుండ్రంగా అయిపోతాయి, పోయిన లోహం మళ్ళీ రాదు.